ఆ చార్టును కాసేపు చుట్టి పెట్టండి

పదో తరగతి భౌతిక రసాయన శాస్త్రం పాఠ్యపుస్తకం రాసే పెద్దలకు, ఆ పుస్తకం మీద పబ్లిక్ పరీక్షకు ప్రశ్నలు తయారు చేసే పెద్దలకు,

నమస్కారం.

విషయం: ఆవర్తన పట్టికను పిల్లలకు మొదటిసారి చూపించే పద్ధతి గురించి.

నేను నల్గొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఇరవై నాలుగేళ్లుగా ఇదే పని. మా తరగతి గదిలో బోర్డు పక్కన ఒక మేకు ఉంది. ప్రతి జూన్‌లో బడి తెరవగానే ఆ మేకుకు ఆవర్తన పట్టిక చార్టు తగిలించేవాణ్ని. రంగురంగుల గళ్లు, 118 మూలకాలు, చూడ్డానికి ముచ్చటగా ఉండేది. పదేళ్ల నుంచి తగిలించడం మానేశాను. చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, బీరువా మీద పెడుతున్నాను. పాఠం సగం దాటాకే దించుతాను. మీరూ పుస్తకంలో అదే పని చేయమని అడగడానికే ఈ లేఖ.

ఈ మాట శిక్షణ తరగతుల్లో రెండుసార్లు చెప్పాను. "బాగుంది సార్, రాసివ్వండి" అన్నారు. రాసిచ్చాను. అది ఏ ఫైల్లో ఉందో ఆ ఫైలుకే తెలియాలి. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ముందు నా తప్పు నేను ఒప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అందరిలాగే చెప్పాను. మొదటి రోజు చార్టు చూపించి, నిలువు వరుసలు గ్రూపులు, అడ్డు వరుసలు పీరియడ్లు అనేవాణ్ని. (పీరియడ్ అనగానే వెనక బెంచీలో కిసుక్కున నవ్వు. ప్రతి ఏడాదీ ఉంటుంది, దాని సంగతి కూడా నిమ్మళంగా మాట్లాడి ముందుకు పోవడమే.) తర్వాత మొదటి ఇరవై మూలకాలు పాటలాగా చదివించేవాణ్ని. మర్నాడు అప్పజెప్పాలి. అప్పజెప్పేవాళ్లు కూడా. ఎక్కాలు వచ్చినట్టే వచ్చేవి.

ఒక ఏడాది ఒక అమ్మాయి లేచి అడిగింది. "సార్, ఇయ్యన్నీ గిట్లనే పెట్టాలని ఎవరు చెప్పిండ్రు?" నేను పరమాణు సంఖ్య (పరమాణువులోని ప్రోటాన్ల లెక్క) ప్రకారం అన్నాను. "మరి లిథియం కింద సోడియమే ఎందుకు? ఇంకో గడి అవతల రాస్తే ఏమైతది?" ఎలక్ట్రాన్ విన్యాసం (పరమాణువులో ఎలక్ట్రాన్లు అమరిన తీరు) అన్నాను. "గా ఎలక్ట్రాన్లు ఎవరు చూసిండ్రు సార్?" అంది. గంట కొట్టారు, బతికిపోయాను. కానీ ఇంటికి వెళ్లేదాకా బస్సులో అదే ఆలోచన. ఆ పిల్ల అడిగినది చిన్న ప్రశ్న కాదు. ఎలక్ట్రాన్ అనేది ఒకటి ఉందని 1897 దాకా ఎవరికీ తెలియదు. పట్టిక 1869లో వచ్చింది. అంటే పట్టిక కట్టినవాళ్లు ఎలక్ట్రాన్ పేరు కూడా వినకుండానే కట్టారు. మరి నేను మాత్రం ఎలక్ట్రాన్లతోనే మొదలుపెట్టి, పిల్లలకు జవాబు ముందు చెప్పి ప్రశ్న తర్వాత అడుగుతున్నాను.

మన పుస్తకం వరుస కూడా అదే. పరమాణు నిర్మాణం పాఠం ముందు వస్తుంది. క్వాంటం సంఖ్యలు, ఎస్ పి డి ఎఫ్‌లు అన్నీ అయిపోతాయి. ఆ తర్వాత మూలకాల వర్గీకరణ. అందులో మూలకాలను వర్గీకరించిన పాతకాలపు శాస్త్రవేత్తలు డోబరైనర్, న్యూలాండ్స్, మెండలీవ్ వరసగా వస్తారు. అప్పటికే ఎలక్ట్రాన్లు తెలిసిపోయిన పిల్లవాడికి ఆ ముగ్గురూ ఎలా కనిపిస్తారో తెలుసా? పరీక్షలో తప్పు జవాబు రాసిన ముగ్గురు పెద్దమనుషుల్లా. "మెండలీవ్ పట్టికలోని లోపాలు రాయుము" అనే ప్రశ్న దానికి తోడు. ఆయన గొప్పతనం కన్నా ఆయన లోపాలే మా పిల్లలకు ఎక్కువ కంఠతా వచ్చు.

మీకు ఒక సంగతి గుర్తు చేయాలి. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మెండలీవ్ ఆ రోజుల్లో చేస్తున్న పని మీ పనే. ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల కోసం రసాయన శాస్త్రం పాఠ్యపుస్తకం రాస్తున్నాడు. మొదటి భాగం పూర్తయింది. రెండో భాగం క్షార లోహాలతో మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఏ మూలకాలను చెప్పాలి, ఏ వరుసలో చెబితే విద్యార్థికి అర్థమవుతుంది అన్న దగ్గర ఆగిపోయాడు. అప్పటికి తెలిసిన మూలకాలు 63. 1869 ఫిబ్రవరి 17న, పాత రష్యా క్యాలెండర్ ప్రకారం, ఆయన జున్ను తయారుచేసే పాడి కేంద్రాలు చూడటానికి వెళ్లాల్సి ఉంది. ఆ పని మీద వచ్చిన ఉత్తరం వెనకే మూలకాల భారాలు పక్కపక్కన రాసుకుని లెక్క మొదలుపెట్టాడు. ఆ కాగితం మీద కప్పు పెట్టిన మరక ఇప్పటికీ ఉంది. అప్పుడు ఆయనకు 35 ఏళ్లు.

అంటే ఈ పట్టిక ప్రయోగశాలలో పుట్టలేదు. "ఈ పాఠం తర్వాత ఏ పాఠం పెట్టాలి" అని ఒక పంతులు తల పట్టుకున్నప్పుడు పుట్టింది. అలాంటి దాన్ని మనం పిల్లలకు పంచాంగంలాగా గోడకు తగిలించి చూపిస్తున్నాం.

నేను ఇప్పుడు చేసే పద్ధతి చెబుతాను. కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే ఇందులో ఖర్చు లేదు, కొత్త విద్య లేదు.

పెళ్లి పత్రికలు మా ఊళ్లో ఏ ఇంట్లో అయినా దొరుకుతాయి. వాటి వెనక తెల్లగా ఉన్న అట్టను చీటీలుగా కత్తిరిస్తాం. ఒక్కో చీటీ మీద ఒక్కో మూలకం. హైడ్రోజన్ నుంచి కాల్షియం దాకా, జడ వాయువులు (వేరే మూలకాలతో కలవని వాయువులు) తప్ప. మొత్తం పదిహేడు. చీటీ మీద పరమాణు సంఖ్య ఉండదు. ఎలక్ట్రాన్ విన్యాసం ఉండదు. 1869లో తెలిసినవే ఉంటాయి: పరమాణు భారం, ఘనమా ద్రవమా వాయువా, లోహంలా మెరుస్తుందా లేదా, దాని ఆక్సైడు నీళ్లలో కలిస్తే లిట్మస్ ఏ రంగు అవుతుంది, ఇంకా ముఖ్యంగా ఒక సంఖ్య. ఆ మూలకం పరమాణువు ఒకటి ఎన్ని హైడ్రోజన్లనో ఎన్ని క్లోరిన్లనో పట్టుకుంటుంది అన్నది. సోడియం ఒక క్లోరిన్‌ను, మెగ్నీషియం రెండింటిని, అల్యూమినియం మూడింటిని. నైట్రోజన్ మూడు హైడ్రోజన్లను, ఆక్సిజన్ రెండింటిని. తొమ్మిదో తరగతిలో ఫార్ములాలు నేర్చుకున్న పిల్లలకు ఇది కొత్తేమీ కాదు.

ఐదుగురికి ఒక కట్ట ఇస్తాను. భారం ప్రకారం వరుసగా పేర్చమంటాను. హైడ్రోజన్‌ను ప్రస్తుతానికి పైన విడిగా పెట్టమంటాను. దాని కథ దానిది. లిథియం 7, బెరీలియం 9, బోరాన్ 11, కార్బన్ 12, నైట్రోజన్ 14, ఆక్సిజన్ 16, ఫ్లోరిన్ 19. వాటి సంఖ్యలు పైకి చదవమంటాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. మెట్లెక్కి దిగినట్టు. తర్వాత సోడియం. మళ్లీ ఒకటి. అక్కడ ఎవరో ఒకరు "అరే, మళ్లీ మొదలైంది" అంటారు. ఆ మాట కోసమే నేను కుర్చీలో కూర్చోకుండా బల్లల మధ్య తిరుగుతుంటాను. ఆవర్తనం అన్న మాటకు అర్థం అప్పుడు చెబుతాను. మన సంగీతంలో తాళం ఒకసారి పూర్తయి మళ్లీ మొదటికి వస్తే దాన్ని ఒక ఆవర్తనం అంటారు. మాట మనదే, బడిలో మాత్రం ఎవరూ దాన్ని తాళంతో కలిపి చెప్పరు.

ఇక్కడ నేను చిన్న మోసం చేస్తాను. కట్టలోంచి సిలికాన్ చీటీ ముందే తీసేసి జేబులో పెట్టుకుంటాను. పిల్లలకు చెప్పను.

రెండో వరుస పేర్చేటప్పుడు చాలా జట్లు తప్పులో కాలేస్తాయి. సోడియం, మెగ్నీషియం, అల్యూమినియం బాగానే లిథియం, బెరీలియం, బోరాన్ల కింద కూర్చుంటాయి. తర్వాత చేతిలో ఉన్నది ఫాస్ఫరస్. దాన్ని కార్బన్ కింద పెడతారు. సల్ఫర్ నైట్రోజన్ కిందికి, క్లోరిన్ ఆక్సిజన్ కిందికి పోతాయి. ఫ్లోరిన్ కింద పొటాషియం వచ్చి కూర్చుంటుంది. ఒకటి కత్తితో కోయగలిగే మెత్తని లోహం, ఇంకొకటి విషవాయువు. "సార్, మాది చెడిపోయింది" అంటారు. సంఖ్యలు చదవమంటాను. ఒకటి, రెండు, మూడు, మూడు, రెండు, ఒకటి. మెట్టు ఒకటి విరిగింది. భారాలు చూడమంటాను. అల్యూమినియం 27, ఫాస్ఫరస్ 31. మధ్యలో ఎవరో ఉండాలి.

కొన్ని జట్లు "సార్, మా కట్టలో ఒకటి తక్కువ ఇచ్చిర్రు" అని పోట్లాటకు వస్తాయి. నేను ఒప్పుకోను. చివరికి ఒక జట్టు ఖాళీ వదిలి మిగతావన్నీ ఒక గడి పక్కకు జరుపుతుంది. అన్నీ చక్కగా కూర్చుంటాయి. అప్పుడు అడుగుతాను: ఆ ఖాళీలో ఉండాల్సినదాని భారం ఎంత? 29 అంటారు, అటూ ఇటూ చూసి. ఎన్ని క్లోరిన్లను పట్టుకుంటుంది? నాలుగు. ఘనమా వాయువా? పక్కవాళ్లిద్దరూ ఘనాలే కాబట్టి ఘనమే. రాసుకోండి అంటాను. రాసుకున్నాక జేబులోంచి చీటీ తీస్తాను. సిలికాన్. భారం 28. క్లోరిన్లు నాలుగు. ఘనం.

ఆ నిమిషంలో తరగతిలో వచ్చే గోల మీరు ఒకసారి వచ్చి వినాలి. పక్క గదిలో లెక్కల మేడమ్ రెండుసార్లు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు, ఏమైందోనని. చూడని దాని గురించి లెక్కగట్టి చెప్పి, అది నిజమవడం ఎలా ఉంటుందో ఆ పిల్లలు అక్కడ తెలుసుకుంటారు. వాళ్లలో సగం మంది లెక్కల్లో ముప్పై ఐదు మార్కులు దాటనివాళ్లు.

మెండలీవ్ కథ అప్పుడు చెబుతాను. ఆయన కూడా ఖాళీలు వదిలాడు. 1871లో ఆ ఖాళీలకు పేర్లు కూడా పెట్టాడు: ఏక అల్యూమినియం, ఏక బోరాన్, ఏక సిలికాన్. ఆ 'ఏక' మన సంస్కృతం 'ఏక'నే. ఏకవచనంలో ఉన్న ఏక. అల్యూమినియం తర్వాత ఒక మెట్టు కింద ఉన్నది అని అర్థం. ఇది చెప్పగానే ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా తలెత్తి చూస్తారు. రష్యా ఆయన మన మాట ఎందుకు వాడాడని అడుగుతారు. 1875లో ఫ్రాన్స్‌లో లెకాక్ ద బ్వాబోద్రాన్ గాలియం కనుక్కున్నాడు. అదే ఏక అల్యూమినియం. దాని సాంద్రత 4.7 అని ప్రకటించాడు. మెండలీవ్ ఉత్తరం రాశాడు: అది 5.9 దగ్గర ఉండాలి, మరోసారి చూడండి అని. ఆ లోహాన్ని కంటితో చూడని మనిషి, దాన్ని చేతిలో పట్టుకున్న మనిషికి చెబుతున్నాడు. మళ్లీ శుద్ధి చేసి కొలిస్తే 5.9 వచ్చింది. 1879లో స్కాండియం (ఏక బోరాన్), 1886లో జర్మేనియం (ఏక సిలికాన్) దొరికాయి. జర్మేనియం భారం 72 అని ఆయన ముందే రాసి పెట్టాడు, వచ్చింది 72.6.

గాలియం కరిగే ఉష్ణోగ్రత దాదాపు 29.8 డిగ్రీలు. మా తరగతి గదిలో మార్చి నెల దాటితే అది పొయ్యి లేకుండానే కరిగిపోతుంది. ఈ ముక్క చెప్పకుండా నేను ఏ ఏడాదీ వదలను.

ఇప్పుడు అసలు మలుపు. ఒక ఏడాది ఒక పిల్లవాడు అన్నాడు: "సార్, ఫ్లోరిన్ 19, సోడియం 23. అక్కడ కూడా నాలుగు తేడా ఉంది కదా, అక్కడెవరు దాక్కున్నరు?" నేను ఆగిపోయాను. హైడ్రోజన్ 1కి, లిథియం 7కి మధ్య ఆరు తేడా. క్లోరిన్ 35.5, పొటాషియం 39. మూడు చోట్లా అనుమానం పడాల్సిందే. కానీ అక్కడ మెట్టు విరగలేదు. ఒకటి తర్వాత మళ్లీ ఒకటి, వినడానికి సాఫీగానే ఉంది. అందుకే మెండలీవ్‌కు కూడా అక్కడ ఖాళీ కనపడలేదు. వీడికి కనపడింది. (ఆ పిల్లవాడు ఇప్పుడు హైదరాబాద్‌లో ఏసీ మెకానిక్. మొన్న ఫోన్ చేస్తే ఆర్గాన్ వెల్డింగ్ గురించి అరగంట మాట్లాడాడు.)

అక్కడ దాక్కున్నవాళ్లలో మొదటివాడు మన తెలుగు నేల మీద కనపడ్డాడు. ఈ మాట పాఠ్యపుస్తకంలో ఒక పేజీ నిండా ఉండాలి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు వేధశాల నుంచి పోగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. గ్రహణ సమయంలో సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును వర్ణపటంగా విడగొట్టి చూశారు. ఆ వెలుగులో ఒక పసుపు గీత ఉంది. సోడియం గీతకు దగ్గరగా ఉంది గానీ సోడియంది కాదు. అదే ఏడాది అక్టోబర్‌లో లాకియర్ ఇంగ్లండులో గ్రహణం లేకుండానే దాన్ని చూసి, ఇది భూమి మీద తెలియని మూలకం అన్నాడు. గ్రీకులో సూర్యుడు హీలియోస్ కాబట్టి హీలియం. భూమి మీద అది రామ్‌సే చేతికి చిక్కింది 1895లో, ఒక యురేనియం ఖనిజంలోంచి.

మెండలీవ్ పట్టిక వేసేనాటికి గుంటూరు గ్రహణం జరిగి ఆరు నెలలు. పట్టికలో హీలియంకు చోటు లేదు. 1894లో ర్యాలీ, రామ్‌సే ఆర్గాన్ కనుక్కుంటే మెండలీవ్‌కు నచ్చలేదు. అది మూడు నైట్రోజన్ పరమాణువులు కలిసిన వాయువేమో అన్నాడు. 1898లో క్రిప్టాన్, నియాన్, జినాన్ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. చివరికి ఒక కొత్త నిలువు వరుసే వేయాల్సి వచ్చింది. దానికి చాలాకాలం సున్నా గ్రూపు అని పేరు. నేను ఆ చీటీలు అప్పుడు పంచుతాను. వాటి సంఖ్య ఎంత? ఎవరినీ పట్టుకోవు కాబట్టి సున్నా. ఇప్పుడు మెట్లు చదవమంటే ఒకటి, రెండు, మూడు, నాలుగు, మూడు, రెండు, ఒకటి, సున్నా. ఎనిమిది. ఆది తాళానికి కూడా ఎనిమిది అక్షరాలే.

న్యూలాండ్స్ సంగతి ఇక్కడే సరిపోతుంది. 1865లో ఆయన ప్రతి ఎనిమిదో మూలకం మొదటిదాన్ని పోలి ఉందని, స్వరాలతో పోల్చాడు. మరుసటి ఏడాది లండన్ కెమికల్ సొసైటీలో చెబితే, "మూలకాలను అక్షర క్రమంలో పెట్టి చూశారా?" అని ఒకాయన వెటకారం చేశాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1887లో, రాయల్ సొసైటీ ఆయనకు డేవీ మెడల్ ఇచ్చింది. మా పిల్లలు లిథియం నుంచి వేళ్ల మీద లెక్కపెట్టి, ఎనిమిదోది సోడియం అని తేల్చుకుంటారు. నియాన్ వచ్చాక లెక్కపెడితే తొమ్మిదోది అవుతుంది. న్యూలాండ్స్ ఎక్కడ ఒప్పో ఎక్కడ ఇరుక్కున్నాడో ఆ రెండు లెక్కల్లో వాళ్లకే తెలిసిపోతుంది. నేను లోపాలు రాయించాల్సిన పని లేదు.

ఆర్గాన్ చీటీ దగ్గర మళ్లీ గొడవ వస్తుంది. దాని భారం 39.9, పొటాషియంది 39.1. భారం ప్రకారం పెడితే సోడియం కింద ఆర్గాన్, నియాన్ కింద పొటాషియం. నీళ్లలో వేస్తే మంట లేచే లోహం పోయి ఎవరితోనూ కలవని వాయువు కింద కూర్చోవాలి. పిల్లలు ఒక్క క్షణం కూడా ఆలోచించరు, మార్చి పెట్టేస్తారు. "మరి భారం రూలు తప్పింది కదా?" అంటాను. "భారం కాదు సార్, ఇంకేదో ఉంది" అంటారు. ఆ ఇంకేదోను 1913లో మోస్లే ఎక్స్ కిరణాలతో పట్టుకున్నాడు. అదే పరమాణు సంఖ్య. రెండేళ్లకే, 27 ఏళ్ల వయసులో, మొదటి ప్రపంచ యుద్ధంలో గల్లిపోలీ దగ్గర తుపాకీ గుండుకు చనిపోయాడు. ఇది చెప్పినప్పుడు తరగతి నిశ్శబ్దమైపోతుంది.

చూశారు కదా, పిల్లలే "ఇంకేదో ఉంది" అన్నాక పరమాణు నిర్మాణం పాఠం మొదలుపెడితే ఎలా ఉంటుందో. ఎలక్ట్రాన్లు, కక్ష్యలు అప్పుడు వాళ్లు అడిగిన ప్రశ్నకు జవాబుగా వస్తాయి. కాబట్టి నా మొదటి కోరిక ఇది. మూలకాల వర్గీకరణ పాఠాన్ని రెండుగా చీల్చండి. మొదటి సగం పరమాణు నిర్మాణానికి ముందు, రెండో సగం తర్వాత. గోడ మీది చార్టు రెండో సగంలోనే. కాల్షియం తర్వాత స్కాండియం నుంచి పది మూలకాలు ఎలా జొరబడ్డాయో, ఎనిమిది పద్దెనిమిదిగా ఎందుకు మారిందో అప్పుడు చెప్పుకోవచ్చు.

సంకేతాల గురించి ఒక ముక్క. తెలుగు మీడియం పిల్లలకు ఎక్కువ టెన్షన్ పెట్టేవి ఇవే. ఇనుముకు ఎఫ్ఈ ఏంటి, సీసానికి పీబీ ఏంటి అని. నేను ఒక విచిత్రం చూపిస్తాను. ఇంగ్లిష్ పేరుకూ సంకేతానికీ పొంతన లేని లోహాల్లో మనం తరచూ వినేవి ఏవి? ఇనుము, రాగి, వెండి, బంగారం, తగరం, సీసం, పాదరసం. వీటికి మన భాషలో కూడా సొంత పేర్లు ఉన్నాయి. అంటే వేల ఏళ్ల కింద నుంచి మనుషులు వాడుతున్న లోహాలు. రోమన్లకు వాళ్ల పేర్లు, మనకు మన పేర్లు. అదే స్కాండియానికి, గాలియానికి తెలుగు పేరు లేదు, ఎందుకంటే మన తాతలకు వాటితో పని పడలేదు. సోడియం, పొటాషియం లాంటివి మాత్రం ఈ లెక్కకు లొంగవు. ఆ రెండింటి సంకేతాలు నేట్రియం, కాలియం అన్న లాటిన్ పేర్ల నుంచి వచ్చాయి. ఉదజని (హైడ్రోజన్), ఆమ్లజని (ఆక్సిజన్) లాంటి పాత అనువాదాల మీద నాకు ప్రేమే గాని, ఇప్పుడు వాటిని తిరిగి తెమ్మని అడగను. పిల్లల బరువు చాలు.

ఇక ఈ పాఠం అవసరమా అన్నవాళ్ల గురించి. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ పాఠాల భారం తగ్గించే పేరుతో పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి మూలకాల వర్గీకరణ అధ్యాయాన్ని తీసేసింది. పదకొండులో ఎలాగూ ఉందని చెప్పింది. మన పుస్తకంలో ఆ పాఠం ఉంది, సంతోషం. ఎప్పుడైనా మీ ముందుకు కూడా ఆ ఆలోచన వస్తే దయచేసి మా ఊరి లెక్క చూడండి. మా బడిలో పది పాసైనవాళ్లందరూ ఎంపీసీ, బైపీసీకి పోరు. సీఈసీకి పోతారు, ఐటీఐకి పోతారు, కొందరు పొలానికి పోతారు. వాళ్లకు పదకొండు లేదు. ఆవర్తన పట్టికతో వాళ్లకు జీవితంలో ఒక్కసారే పరిచయం, అది పదిలోనే.

పొలానికి పోయేవాడికి పట్టిక ఎందుకు అనేవాళ్లు ఒకసారి ఎరువుల దుకాణానికి రండి. బస్తా మీద 17-17-17 ఉంటుంది, 28-28-0 ఉంటుంది. ఎన్, పీ, కే: నత్రజని, భాస్వరం, పొటాష్. ఇంకో బస్తా మీద 20-20-0-13. చివరి 13 గంధకం. మా పిల్లల నాన్నలకు ఈ అంకెలు నోటికొచ్చు. పిల్లలకు నేను చెప్పేది ఒకటే. ఆ బస్తా మీద భాస్వరం లెక్క భాస్వరం లెక్క కాదు, రెండు ఫాస్ఫరస్‌లు, ఐదు ఆక్సిజన్లు కలిసిన ఆక్సైడు లెక్క. పొటాష్ లెక్క రెండు పొటాషియంలు, ఒక ఆక్సిజన్ ఉన్న ఆక్సైడు లెక్క. మెండలీవ్ తన పట్టికలో గ్రూపుల తల మీద రాసిన ఆక్సైడు ఫార్ములాలు ఈ అచ్చులోవే. నూట యాభై ఏళ్ల కిందటి పద్ధతి ఇవాళ్టికీ బస్తా మీద అచ్చవుతోంది. "అయితే మా నాయనకు మెండలీవ్ తెలుసు సార్" అంది ఒక పిల్ల.

మా జిల్లాకు ఇంకొక పాఠం ఉంది. అది ఎవరూ పుస్తకంలో రాయనక్కర్లేదు, ఒంట్లోనే రాసి ఉంది. నేను చేరిన కొత్తలో తరగతిలో నవ్వితే చాలామంది పిల్లల పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు కనిపించేవి. బోరు నీళ్లలో ఫ్లోరైడు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చు అని ప్రమాణం. మా దగ్గర కొన్ని ఊళ్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. నడుములు వంగిపోయిన పెద్దవాళ్లను చూస్తూ పెరిగిన పిల్లలు వాళ్లు. వాళ్లకు పదిహేడో గ్రూపు అని చెప్పడం మొదలుపెట్టేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి? నేను నీళ్ల దగ్గర మొదలుపెడతాను. బోరులో ఫ్లోరిన్, పంచాయతీ ట్యాంకులో వేసే బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్, ఉప్పు ప్యాకెట్‌లో అయోడిన్. ముగ్గురూ ఒకే నిలువు వరుసలో అన్నదమ్ములు. ఒకే ఇంటివాళ్లు కదా అని ఒకేలా ఉంటారా? తక్కువైతే ఒకరు, ఎక్కువైతే ఇంకొకరు మనిషిని పట్టి పీడిస్తారు. ఎముకలోని కాల్షియంతో ఫ్లోరిన్‌కు ఎందుకంత జట్టు అని ఒక పిల్లవాడు అడిగిన రోజు నేను రసాయన బంధం పాఠం పదిహేను రోజులు ముందుకు జరిపాను.

నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970ల్లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌లతో ఫ్లోరైడు తీసే పద్ధతి తయారు చేస్తే, దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు పడింది. నీళ్ల శుద్ధి గురించి చదివే విదేశీ విద్యార్థులకు కూడా మా ఊరి పేరు అలా తెలుసు. గర్వపడాలో బాధపడాలో తెలియని కీర్తి. ఆ ఒక్క బకెట్ నీళ్లలో అల్యూమినియం, సల్ఫర్, కాల్షియం, క్లోరిన్, ఫ్లోరిన్, హైడ్రోజన్, ఆక్సిజన్ ఉన్నాయి. మా పదిహేడు చీటీల్లో ఏడు. ఇప్పుడు నదుల నీళ్లు కుళాయిల్లో వస్తున్నాయి, చిన్న పిల్లల పళ్లు తెల్లగా ఉంటున్నాయి. ఈ పాఠం అవసరం ఒకరోజు తగ్గితే నాకంటే సంతోషించేవాడు ఉండడు.

ప్రయోగాల గురించి పెద్దగా చెప్పను, మా ల్యాబు సంగతి మీకు తెలుసు. సోడియం ఒక్కటి చేస్తాను, కిరోసిన్‌లోంచి తీసి, పెసరగింజంత. ఒకసారి ఉత్సాహం కొద్దీ కాస్త పెద్ద ముక్క వేశాను. గాజు తొట్టి చిట్లింది. పిల్లలు దూరంగా ఉండబట్టి సరిపోయింది. ఆ తొట్టి డబ్బులు నా జేబులోంచే పోయాయి, న్యాయమే. పొటాషియం ముట్టను. పుస్తకంలో ఈ ప్రయోగం పెడితే ముక్క ఎంత ఉండాలో, పిల్లలు ఎంత దూరంలో ఉండాలో దయచేసి పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇప్పుడు ప్రశ్నపత్రం పెద్దలకు. అసలు చిక్కంతా మీ దగ్గరే ఉందని నా అనుమానం, కోపం తెచ్చుకోకండి. పుస్తకం ఎంత బాగా రాసినా, పరీక్షలో "ఏక సిలికాన్ అని దేనిని పిలిచారు?" అని అడిగితే, పిల్లవాడు ఏక సిలికాన్ ఈక్వల్ టు జర్మేనియం అని బట్టీ కొడతాడు. చీటీలు పేర్చడానికి నేను తీసుకునే మూడు పీరియడ్లు దండగ అంటారు ప్రైవేటు ట్యూషన్ వాళ్లు. నిజమే, ఆ ప్రశ్నకు దండగే. బదులుగా ఇలా అడిగి చూడండి. ఒక మూలకం రెండు క్లోరిన్లను పట్టుకుంటుంది, దాని ఆక్సైడు నీళ్లలో ఎర్ర లిట్మస్‌ను నీలంగా మారుస్తుంది. దాని కుడి పక్క మూలకం ఎన్ని క్లోరిన్లను పట్టుకోవచ్చు? ఎందుకు అనుకుంటున్నావు? లేదా, ఐదు చీటీల బొమ్మ వేసి, మధ్యలో ఒకటి ఖాళీ వదిలి, దాని భారం అంచనా వేయమనండి. 27.5 రాసినా 29 రాసినా మార్కులు ఇవ్వండి, కారణం సరిగ్గా రాస్తే. పేపర్లు దిద్దేటప్పుడు చేయి నొప్పి పుడుతుందని నాకు తెలుసు, నేనూ స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్తాను. ఇలాంటివి రెండు ప్రశ్నలు చాలు. మొదటి ఏడాది గోల చేస్తారు. రెండో ఏడాదికి గైడ్లలో "ఖాళీ చీటీ మోడల్ ప్రశ్నలు" అని ఒక శీర్షిక వస్తుంది. రానీయండి. కనీసం గైడు కొనుక్కున్నవాడు కూడా చీటీలు పేర్చాల్సి వస్తుంది.

హైడ్రోజన్‌ను ఎక్కడ పెట్టాలో మాత్రం పరీక్షలో అడగకండి. మా తరగతిలో ప్రతి ఏడాదీ దాని మీద రెండు పార్టీలు అవుతాయి. ఒక్క క్లోరిన్‌తో కలుస్తుంది కాబట్టి లిథియం మీద అని ఒకరు, వాయువు కాబట్టి ఫ్లోరిన్ మీద అని ఇంకొకరు. ఇద్దరికీ నేను సరే అంటాను. ఆ తగువు తెగకుండా ఉండటమే బాగుంటుంది.

చివరగా పుస్తకం పెద్దలకు ఒక చిన్న మనవి. పాఠం వెనక ఒక మందపాటి పేజీ ఇవ్వండి. ఒకవైపు పదిహేడు చీటీలు, విడిగా మరో పేజీలో జడ వాయువుల చీటీలు. సిలికాన్ చీటీని ఒక మూలకు వేయండి, పిల్లలు చూడకముందే టీచరు చించుకునేలా. పెళ్లి పత్రికలు మా ఊళ్లో వేసవిలోనే ఎక్కువ దొరుకుతాయి, పాఠమేమో వానాకాలంలో వస్తుంది. కత్తెరలు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
నల్గొండ జిల్లాలో ఒక ఫిజికల్ సైన్స్ పంతులు